పరదేశపు ఇంట్లో కొత్త మీటలు



పాలమూరు సీమలో లింగాల, బల్మూరు, అచ్చంపేట, కొల్లాపూర్ వైపు ఊళ్లకు వలస కొత్త ముచ్చట కాదు. 1955లో నాగార్జునసాగర్‌కు పునాదిరాయి పడ్డాక దేశంలో ఎక్కడ ఆనకట్ట కట్టినా, ఎక్కడ కాలువ తవ్వినా పాలమూరు లేబర్ పేరు వినిపించింది. గుంపు మేస్త్రీ వెంట పోయిన ఆ మనుషులు గడ్డపార, తట్టలతో పాటు సర్వ, పెంక, జొన్నపిండి కూడా మూట కట్టుకుని పోయేవాళ్లు. దిగిన చోట మూడు రాళ్లు పెడితే పొయ్యి తయారు. ఊరు మారినా వంట మారేది కాదు.

ఇప్పటి ప్రయాణాలు అట్లా లేవు. కూతురి కాన్పుకని డాలస్‌కో న్యూజెర్సీకో పోయే తల్లి, కొడుకును చూసి రావడానికి లండన్ పోయే తండ్రి, కువైట్‌లో ఇంటి పనికి కుదిరిన మహిళ, సౌదీలో క్యాంపు గదిలో నలుగురితో కలిసి వండుకునే యువకుడు, వీళ్లంతా ఎవరో అమర్చి పెట్టిన ఇంట్లో దిగుతారు. అక్కడ పొయ్యికి మంట కనిపించదు. నల్లాను ఎటు తిప్పాలో తెలియదు. పోపు వేయగానే పైకప్పుకున్న డబ్బా ఒకటి చెవులు పగిలేలా మోగుతుంది. ఇన్నేళ్లు ఇంటిని ఒంటిచేత్తో నడిపిన మనిషి కప్పు చాయ పెట్టుకోవాలంటే పిల్లలు ఆఫీసు నుంచి వచ్చేదాకా ఆగాల్సి వస్తుంది. ఆ ఇబ్బందిని ఎట్లా దాటాలో ఇవాళ మాట్లాడుకుందాం.

ముందుగా ధైర్యం చెప్పే మాట ఒకటి. లింగాల చుట్టుపక్కల పల్లి, పత్తి పండించే రైతును చూడండి. మూడు ఫేజుల మోటారును రోజూ నడిపిస్తాడు. ఒక ఫేజు పోతే మోటారు గుర్రుమని కాలిపోతుందని, స్టార్టర్ ట్రిప్పయితే కారణం చూసి రీసెట్ కొట్టాలని ఆయనకు ఎవరూ బడిలో నేర్పలేదు. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైనప్పుడు ఆటో స్టార్టర్లు తీసేయమని సర్కారు కోరింది. ఎందుకో రైతుకు వెంటనే తెలిసింది. రాత్రిపూట ఎప్పుడో కరెంటు వచ్చే రోజుల్లో మనిషి నిద్రపోతున్నా మోటారును తానే నడిపించడానికి ఆటో స్టార్టర్ పెట్టుకున్నారు. కరెంటు ఎప్పుడూ ఉంటే అదే పరికరం బోరులోని నీళ్లను ఊరికే తోడిపోస్తుంది. స్టార్టర్ అదే, పరిస్థితి మారింది.

విదేశంలో కనిపించే ప్రతి పరికరం వెనుకా ఇట్లాంటి పరిస్థితి ఒకటి ఉంటుంది. గడ్డకట్టే చలి ఉంటుంది, కట్టెతో కట్టిన ఇల్లు ఉంటుంది, పనిమనిషి దొరకని బతుకు ఉంటుంది, ఎడారి ఎండ ఉంటుంది. ఏ మీట నొక్కాలని అడిగితే ఆ ఒక్క యంత్రం తెలుస్తుంది. ఇది ఈ ఇంట్లో ఎందుకు ఉన్నదని అడిగితే మాత్రం, రేపు ఇంకో కంపెనీ యంత్రం ఎదురైనా భయం ఉండదు. నేను చెప్పదలచుకున్నది ఇదే. ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదలు కరెంటుతోనే. ఇది విమానం ఎక్కకముందే తెలుసుకోవాల్సిన సంగతి. మన ఇళ్లకు వచ్చేది 230 వోల్టులు. అమెరికా, కెనడాల్లో మామూలు ప్లగ్గుకు వచ్చేది 120 వోల్టులు. ఇక్కడ కారం, పచ్చడి గిర్రున తిప్పే 750 వాట్ల మిక్సీని అక్కడ పెడితే నీరసంగా తిరిగి ఆగిపోతుంది. అందుకే పెట్టెలో బరువు మోసుకుపోయిన మిక్సీ చాలా ఇళ్లలో అటక మీదే ఉండిపోతుంది. వోల్టేజీ పెంచే ట్రాన్స్‌ఫార్మర్ కొనొచ్చు కాని మిక్సీ మీద రాసిన వాట్ల కంటే దాని సామర్థ్యం బాగా ఎక్కువ ఉండాలి. అంతకంటే అక్కడి భారతీయ దుకాణాల్లో దొరికే 110 వోల్టుల మిక్సీ కొనుక్కోవడం మేలు. ఫోన్ చార్జర్‌కు ఈ బాధ లేదు. దాని వెనుక చిన్న అక్షరాల్లో 100 నుంచి 240 వోల్టులు అని రాసి ఉంటుంది. ఆ మాట ఉన్న వస్తువుకు ప్లగ్గు ఆకారం మార్చే అడాప్టర్ చాలు. 230 అని మాత్రమే ఉన్న వస్తువుకు అడాప్టర్ పెట్టి లాభం లేదు, అది ఆకారాన్నే మారుస్తుంది, వోల్టేజీని మార్చదు.

గల్ఫ్ సంగతి వేరు. దుబాయ్, కువైట్, ఖతర్, ఒమన్‌లలో వోల్టేజీ ఇంచుమించు మనదే. తేడా ప్లగ్గులో ఉంటుంది. మనం వాడే మూడు గుండ్రటి కాళ్ల ప్లగ్గు బ్రిటిష్ వాళ్ల నుంచి వచ్చిందే. వాళ్లు మాత్రం 1947లో చదరపు కాళ్ల ప్లగ్గును ప్రమాణంగా పెట్టుకుని, పాతదాన్ని మెల్లగా వదిలేశారు. గల్ఫ్‌లో ఆ కొత్తది స్థిరపడింది, మన దగ్గర పాతది నిలిచింది. చదరపు ప్లగ్గులో పైన ఉండే పొడవాటి కాలు ఎర్త్. అది లోపలికి పోతేనే కింది రెండు రంధ్రాల మూతలు తెరుచుకుంటాయి. చిన్నపిల్లలు పుల్లలు గుచ్చకుండా పెట్టిన ఏర్పాటు అది. క్యాంపు గదుల్లో కొందరు ఆ పై రంధ్రంలో పెన్నో పుల్లో గుచ్చి, రెండు కాళ్ల ప్లగ్గును బలవంతంగా దూరుస్తారు. ఎర్త్ లేని కరెంటు, వదులుగా కూర్చున్న ప్లగ్గు, పక్కనే పరుపు, ఇవన్నీ ఒక్కచోట చేరితే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు. మంచి అడాప్టర్ ధర ఒక పూట భోజనం ఖర్చు దాటదు. ఇక సౌదీకి పోయేవాళ్లు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. అక్కడి పాత కట్టడాల్లో 127 వోల్టుల ప్లగ్గులు ఇంకా కనిపిస్తాయి, అడిగి వాడండి.

అమెరికాలో ఇంకో చిన్న తికమక ఉంటుంది. మన దగ్గర స్విచ్ కిందికి నొక్కితే దీపం వెలుగుతుంది, అక్కడ పైకి ఎత్తితే వెలుగుతుంది. వారం రోజుల్లో చెయ్యి అలవాటు పడుతుంది, మళ్లీ మన ఇంటికి వచ్చాక ఇంకో వారం తడబడుతుంది.

ఇప్పుడు వంటింట్లోకి పోదాం. అమెరికాలో చాలా ఇళ్లకు కట్టె చట్రం ఉంటుంది, దాని మీద జిప్సం పలకల గోడలు ఉంటాయి. రాతి ఇల్లు, సిమెంటు స్లాబు ఎరిగిన మనకు నిప్పంటే ఆ ఇంటికి ఎంత భయమో తెలియదు. ఆ భయం నుంచే పైకప్పుకు పొగ పసిగట్టే డబ్బా వచ్చింది. ప్రతి పడకగదిలో, గదుల బయట, ప్రతి అంతస్తులో అది ఉండాలని అక్కడి అగ్నిమాపక నిపుణులు చెప్తారు. ఎండుమిర్చి, ఎల్లిపాయ నూనెలో పడి ఘాటు లేస్తే అది నిప్పో పోపో దానికి తెలియదు. మోగడమే దాని పని. అట్లని కొందరు దానికి ప్లాస్టిక్ కవర్ తొడుగుతారు, బ్యాటరీ పీకేస్తారు. రాత్రి నిజంగా నిప్పంటుకుంటే ఇంటిల్లిపాదినీ లేపేది అదొక్కటే, దాని నోరు మూయొద్దు. పోపుకు ముందే కిటికీ తెరవండి, పొయ్యి పైనున్న ఫ్యాన్ నడపండి, నూనె పొగలు కక్కేదాకా కాగనీయొద్దు, మిరపకాయలు పడగానే మూత పెట్టండి. ఇంకొకటి చూసుకోవాలి. కొన్ని ఇళ్లలో ఆ ఫ్యాన్ పొగను బయటికి పంపదు, జాలీలో వడగట్టి మళ్లీ గదిలోకే వదులుతుంది. ఆ ఇంట్లో కిటికీనే దిక్కు.

ఆ మోతలో భాష ఉంది, అది తెలిస్తే గాబరా తగ్గుతుంది. మూడు కూతలు, కాస్త ఆగి మళ్లీ మూడు కూతలు వస్తే పొగ. నాలుగు కూతలు, ఆగి మళ్లీ నాలుగు వస్తే కార్బన్ మోనాక్సైడ్. రంగు, వాసన లేని ఆ విషవాయువు హీటరో గ్యాసు పొయ్యో సరిగ్గా మండనప్పుడు పుడుతుంది. అప్పుడు కారణం వెతుకుతూ కూర్చోవద్దు, అందరూ బయటికి నడవాలి. నిమిషానికోసారి కిచ్‌మని ఒక్క కూతే వస్తుంటే బ్యాటరీ అయిపోవచ్చిందని అర్థం. అమెరికాలో ఆపదకు పిలిచే నెంబరు 911, బ్రిటన్‌లో 999, కువైట్‌లో 112. ఆ నెంబరుతో పాటు మీరున్న ఇంటి చిరునామా కాగితం మీద రాసి ఫోన్ దగ్గర అంటించుకోండి. నెంబరు తెలిసినా చాలామంది తడబడేది చిరునామా దగ్గరే. అపార్ట్‌మెంట్ వరండా గోడకు ఎర్రటి పెట్టె, దానికి లాగే పిడి ఉంటే దాన్ని లైటు స్విచ్ అనుకోవద్దు. లాగితే భవనమంతా ఖాళీ చేయాలి, ఫైరింజన్ వస్తుంది.

పొయ్యిల్లో మూడు నాలుగు రకాలు ఉంటాయి. గాజు పలక కింద తీగ ఎర్రబడేది ఒకటి. మంట లేదు కాబట్టి ఆపేశాక చల్లారిందనుకుని చెయ్యి పెడితే కాలుతుంది. పలక మీద ఎర్రటి చుక్కో హెచ్ అనే అక్షరమో వెలుగుతున్నంతసేపు అది వేడిగా ఉన్నట్టే. ప్రెషర్ కుక్కర్‌తో ఇక్కడ జాగ్రత్త అవసరం. గ్యాసు పొయ్యి ఆపగానే వేడి ఆగుతుంది, ఈ పొయ్యి ఆపినా వేడి వస్తూనే ఉంటుంది. కాబట్టి చివరి విజిల్‌కు ముందే వేడి తగ్గించాలి, ఆపాక కుక్కర్‌ను జాగ్రత్తగా పక్కకు దించాలి.

ఇండక్షన్ పొయ్యి ఇంకో రకం. అది పాత్ర అడుగునే వేడెక్కిస్తుంది. ఆ అడుగుకు అయస్కాంతం అంటుకోవాలి. అల్యూమినియం సర్వ, రాగి గిన్నె పెడితే కదలదు, మెదలదు. పొయ్యి చెడిపోయిందనుకుంటారు. మన ఇనుప పెంక మాత్రం దాని మీద ఇంపుగా పనిచేస్తుంది, జొన్న రొట్టె చక్కగా కాలుతుంది. గరుకు పెంకను గాజు మీద అటూ ఇటూ జరపొద్దు, గీతలు పడతాయి. ఎన్ని మీటలు తాకినా పొయ్యి పలకకుంటే తాళం బొమ్మ కోసం చూడండి. పిల్లలు ముట్టకుండా వేసిన తాళం అది. దాని మీద వేలు పెట్టి కొన్ని సెకన్లు ఒత్తి పట్టుకుంటే తెరుచుకుంటుంది.

గ్యాసు పొయ్యే ఉన్న ఇల్లయితే ఇంకో చిక్కు. యూరప్ రకం పొయ్యిల్లో మంట అంటుకుంటుంది, పిడి వదలగానే ఆరిపోతుంది. అది దోషం కాదు. మంట పక్కనే ఉన్న చిన్న పుల్ల వేడెక్కితే తప్ప గ్యాసు దారి తెరిచి ఉంచదు. గాలికి మంట ఆరితే గ్యాసు తానే మూసుకుపోవాలని చేసిన ఏర్పాటు. పిడిని అయిదు, పది సెకన్లు నొక్కే ఉంచి తర్వాత వదలాలి.

మైక్రోవేవ్ పుట్టుక కథ సరదాగా ఉంటుంది. 1945లో పెర్సీ స్పెన్సర్ అనే అమెరికన్ ఇంజనీరు రాడార్ యంత్రం దగ్గర పనిచేస్తుంటే జేబులోని చాక్లెట్ కరిగింది. ఆ సంగతి పట్టుకునే పొయ్యి తయారు చేశారు. తొలి యంత్రం మనిషంత ఎత్తు, 340 కిలోల బరువు. వంటింటి బల్ల మీద పట్టేంత చిన్నది 1967లో వచ్చింది. తిండిలోని నీటిని కదిలించి వేడెక్కించడం దాని పద్ధతి. అందుకే నీళ్లున్న పప్పు, కూర, అన్నం బాగా వేడెక్కుతాయి. స్టీలు గిన్నె, స్టీలు చెంచా, అల్యూమినియం రేకు అందులో పెడితే నిప్పురవ్వలు లేస్తాయి. మన వంటిల్లంతా స్టీలే కాబట్టి ఈ ఒక్క అలవాటు మార్చుకోవాలి, గాజు గిన్నెకో పింగాణీ గిన్నెకో మారాలి. పెంకుతో ఉన్న గుడ్డు పేలుతుంది. గట్టిగా మూత బిగించిన డబ్బా పేలుతుంది. ఖాళీగా నడిపితే యంత్రం చెడుతుంది. ఇంతే.

దాని పక్కనుండే పెద్ద ఓవెన్ మనవాళ్లకు వేరే విధంగా అక్కరకొచ్చింది. చలికాలంలో ఇడ్లీ పిండి పొంగదు, పెరుగు తోడుకోదు. ఓవెన్ వెలిగించకుండా లోపలి దీపం మాత్రం వేసి గిన్నె అందులో పెడితే, ఆ కాస్త వెచ్చదనానికే తెల్లారేసరికి పిండి పొంగుతుంది. అమెరికాలోని తెలుగు వంటిళ్లలో ఇది తల్లి నుంచి కోడలికి, పక్కింటికి పాకిన చిట్కా. లోపల పిండి ఉందని ఓవెన్ తలుపు మీద చీటీ అంటించడం మరిచిపోవద్దు. పొద్దున్నే ఇంకెవరో చూసుకోకుండా ఓవెన్ వెలిగిస్తే ఇడ్లీ లేదు, గిన్నె లేదు.

గిన్నెలు కడిగే యంత్రం సంగతి. జోసెఫిన్ కాక్రేన్ అనే అమెరికన్ మహిళ 1886లో దానికి పేటెంటు తీసుకుంది, 1893లో షికాగో ప్రపంచ ప్రదర్శనలో చూపించింది. కూలి ఖరీదైన దేశంలో అది ఇంటింటికీ చేరింది. చూడ్డానికి నీళ్లు పారబోసే యంత్రంలా ఉంటుంది కాని నల్లా కింద కడిగే దానికంటే పొదుపు. మంచి యంత్రం నిండా గిన్నెలను సుమారు 12, 13 లీటర్ల నీళ్లతో కడుగుతుంది, ఆ నీళ్లనే తిప్పి తిప్పి చల్లుతుంది. నీళ్ల విలువ తెలిసిన పాలమూరు మనిషికి ఇది నచ్చాలి. చేత్తో గిన్నెలు తోమే సబ్బునీళ్లు ఇందులో పోయకూడదు, నురుగు పొంగి వంటిల్లంతా పారుతుంది. దానికి వేరే పొడి, వేరే బిళ్లలు ఉంటాయి. ఆ పొడిలో క్షారం ఘాటుగా ఉంటుంది. అల్యూమినియం కుక్కర్ నల్లబడుతుంది, ఇనుప పెంకకు నూనె పట్టిన నునుపు పోయి తుప్పు పడుతుంది, చెక్క గరిటె పగులుతుంది, ఇత్తడి, వెండి వన్నె పోతాయి. అవి చేత్తోనే కడగాలి.

సింకు కింద దాగిన ఇంకో యంత్రం ఉంది. మిగిలిన మెతుకులను నలిపి నీళ్లతో పంపే మర. విస్కాన్సిన్‌లో జాన్ హామ్స్ అనే ఆర్కిటెక్టు 1927లో చేశాడు. లైటు స్విచ్‌ల పక్కనే దాని స్విచ్ ఉంటుంది కాబట్టి దీపం అనుకుని వేస్తే సింకు గర్జిస్తుంది. మునక్కాయ పిప్పి, కరివేపాకు రెమ్మలు, అరటి తొక్కలు దానికి పడవు, నారంతా చుట్టుకుంటుంది. అన్నం ఎక్కువ పడితే గొట్టంలో ఉబ్బుతుంది, నెయ్యి గడ్డకడుతుంది. ముందు నల్లా తిప్పాలి, తర్వాతే మర నడపాలి. ఆగిపోతే మాత్రం చెయ్యి లోపల పెట్టొద్దు. స్విచ్ ఆపి, ఇరుక్కున్నది పటకారుతో తీసి, మర అడుగున ఉండే ఎర్ర బటన్ నొక్కాలి. మోటారు స్టార్టర్‌కు రీసెట్ కొట్టిన చేతికి ఈ బటన్ కొత్తేమీ కాదు.

అట్లాంటి బటనే అమెరికా ఇళ్లలో స్నానాల గదిలో, వంటింటి గోడ ప్లగ్గుల మధ్య కూడా కనిపిస్తుంది. టెస్ట్, రీసెట్ అని రెండు చిన్న మీటలు ఉంటాయి. తడిచెయ్యి నుంచి 5 మిల్లీ ఆంపియర్ల కరెంటు ఒంట్లోకి పోతున్నా ఆ ప్లగ్గు పట్టుకుని, క్షణంలో ఆపేస్తుంది. ప్లగ్గు పనిచేయడం లేదని ఎలక్ట్రీషియన్‌ను పిలవకముందు ఆ వస్తువు తీసేసి, రీసెట్ నొక్కి చూడండి. అదే వస్తువు పెట్టగానే మళ్లీ ఆగితే తప్పు ఆ వస్తువుది, దాన్ని వాడొద్దు.

స్నానం గురించి కూడా చెప్పాలి. అక్కడ చాలా స్నానాల గదుల్లో నేలకు తూము ఉండదు. బకెట్టు పెట్టుకుని చెంబుతో పోసుకుంటే నీళ్లు కట్టె నేలలోకి దిగి కింది ఇంటి పైకప్పు నుంచి కారుతాయి. తొట్టి లోపలే నిలబడాలి, తెర అంచు తొట్టి లోపలికి ఉండాలి. ఒకే పిడి ఎడమకు తిప్పితే వేడి, కుడికి తిప్పితే చల్లన. ముందు చేత్తో చూసి తర్వాతే కిందికి పోవాలి. వేడినీళ్ల యంత్రాన్ని 120 డిగ్రీల ఫారన్‌హీట్‌కు, అంటే 49 డిగ్రీల సెల్సియస్‌కు మించనీయొద్దని అక్కడి వినియోగదారుల భద్రతా సంస్థ చెప్తుంది. ముసలివాళ్ల, పిల్లల చర్మం అంతకు మించితే త్వరగా బొబ్బలెక్కుతుంది.

ఫారన్‌హీట్ అంటే జడవక్కరలేదు. అది మన ఇంట్లో ఎప్పుడో ఉంది. నూటొకటి జ్వరం, నూటరెండు జ్వరం అంటున్నామంటే ఫారన్‌హీట్‌లోనే చెప్తున్నాం. ఒంటి వేడి 98.6. గోడకున్న డబ్బాలో 72 అని ఉంటే గది హాయిగా, మన లెక్కన 22 డిగ్రీలు ఉన్నట్టు. చలేసిందని దాన్ని 90కి తిప్పితే గది త్వరగా వెచ్చబడదు. హీటర్ తన వేగంతోనే నడుస్తుంది, ఆగాల్సిన చోట ఆగకుండా నడుస్తూ పోతుంది, బిల్లు పిల్లల మీద పడుతుంది. రెండు డిగ్రీలు పెంచి, స్వెట్టర్ వేసుకుని అరగంట చూడండి.

బట్టల సంగతి మహిళలకు ముఖ్యం. మంచు కురిసే చోట బయట ఆరేసే వీలుండదు. వీలున్న రోజుల్లో కూడా బాల్కనీలో బట్టలు వేలాడదీయొద్దని చాలా కాలనీల్లో నియమం ఉంటుంది. అందుకే వేడిగాలితో ఆరబెట్టే డ్రయ్యర్. దాని మూతి దగ్గర జాలీ ఉంటుంది. ప్రతిసారీ దానిలో దూదిలాంటి నూలు పేరుకుంటుంది. ప్రతిసారీ తీసేయాలి, లేకుంటే వేడికి అంటుకుంటుంది. అమెరికా అగ్నిమాపక శాఖ 2010 ప్రాంతపు లెక్కల్లో ఏటా సుమారు 2,900 ఇళ్లలో డ్రయ్యర్ నిప్పులు నమోదయ్యాయి. అందులో మొదటి కారణం శుభ్రం చేయకపోవడమే. తడిబట్టలో ఎంత నూనె మరక ఉంటే అంత ప్రమాదం, తలకు నూనె రాసుకుని వాడిన తువ్వాల బాగా ఉతికాకే అందులో వేయాలి.

గద్వాల చీర మాత్రం దానిలో వేయొద్దు. ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు, రెండింటినీ మగ్గం మీద పోగు పోగుకు ముడివేసి కలుపుతారు. వేడిగాలిలో నూలు ముడుచుకున్నట్టు పట్టు ముడుచుకోదు, కలిసిన చోట చీర గుంజుకుపోతుంది, జరీ నలుగుతుంది. శుభకార్యానికి కట్టిన చీరను గదిలోనే నీడన ఆరేయండి.

యంత్రం మీద భాష రాకపోయినా బట్ట లోపల కుట్టిన పట్టీ చెప్తుంది. ఆ గుర్తులు ప్రపంచమంతా ఇంచుమించు ఒకటే. నీళ్ల తొట్టి బొమ్మ ఉతకడం. త్రికోణం బ్లీచింగ్. చదరంలో గుండ్రటి గీత డ్రయ్యర్. ఇస్త్రీ పెట్టె బొమ్మ ఇస్త్రీ. లోపల ఒక చుక్క ఉంటే తక్కువ వేడి, రెండుంటే మధ్యస్థం, మూడుంటే ఎక్కువ. దేని మీదైనా అడ్డంగా ఇంటూ గుర్తు ఉంటే అది చేయొద్దని. చదువు రాని మనిషి కూడా ఒక సాయంత్రంలో నేర్చుకోవచ్చు.

ఈ గుర్తులు అందరికంటే ఎక్కువ అవసరపడేది గల్ఫ్‌లో ఇంటి పనికి పోయిన ఆడబిడ్డలకు. తల్లి అమెరికా పోతే కొడుకు ఇల్లు, వస్తువు పాడైనా కోపం ఒక పూట. గల్ఫ్‌లో పరాయి ఇల్లు, యంత్రం పాడైతే జీతంలో కోత పెడతారేమోనని భయం. మీటల మీద అరబిక్, చెప్పే యజమానురాలికి తెలుగు రాదు. అందుకే తెలియని యంత్రాన్ని తెలిసినట్టు ముట్టొద్దు. మొదటి రోజే, నడిపి చూపించమని సైగతోనైనా అడగాలి. వాళ్లు ఒప్పుకుంటే చూపిస్తుండగా ఫోన్‌లో వీడియో తీసుకోవాలి. ఫోన్‌లోని అనువాద యాప్ కెమెరాను అక్షరాల మీద పెడితే అరబిక్‌ను తెలుగులో చూపిస్తుంది. విదేశాలకు పోయే కార్మికులకు ముందస్తు అవగాహన శిక్షణ ఉంది, విదేశీ ఉద్యోగాలు చూసే తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ఉంది. అక్కడికి పోయినప్పుడు వీసా, జీతం గురించే అడిగి రావొద్దు, ఇంట్లో ఏయే యంత్రాలు ఉంటాయో కూడా అడగండి. ఆపద వస్తే భారత విదేశాంగ శాఖ 2015లో మొదలుపెట్టిన మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు.

గల్ఫ్ ఎండ ఇంకో వింత చేస్తుంది. వేసవిలో ఇంటిపైన ట్యాంకు సలసల కాగుతుంది, చల్లటి నల్లా తిప్పితే వేడినీళ్లు వస్తాయి. అక్కడివాళ్లు అప్పుడు గీజర్ ఆపేస్తారు. ఏసీ ఉన్న ఇంటి లోపల నిలిచిన గీజర్ నీళ్లు చల్లబడతాయి. కాబట్టి వేసవిలో వేడి నల్లా చల్లనిది, చల్లని నల్లా వేడిది. ముందే తెలియకుంటే పసిపిల్లకు పోసే స్నానం ప్రమాదమే.

శుభ్రం చేసే మందుల విషయంలో ఒక్క నియమం ఉంది. రెండింటిని ఎప్పుడూ కలపొద్దు. బ్లీచింగ్ నీళ్లలో మరుగుదొడ్డి యాసిడ్ పడితే క్లోరిన్ విషవాయువు లేస్తుంది. అమోనియా ఉన్న గాజు తుడిచే మందు పడినా విషమే. రెండు కలిస్తే ఎక్కువ తెల్లబడుతుందని ఎవరు చెప్పినా నమ్మొద్దు. పొరపాటున కలిస్తే తలుపులు తెరిచి బయటికి రండి.

ఇక పిల్లలకు ఒక మాట. అమ్మానాన్నలు వచ్చిన వారంలో ఒక ఆదివారం ఇల్లంతా తిప్పి చూపించండి. మీరు నొక్కి చూపిస్తే నేర్చుకోరు, వాళ్ల చేతనే నొక్కించాలి. “నీకెర్క లేదులే అమ్మా, నేనొచ్చినంక చేస్త” అన్న మాట ప్రేమతో అన్నా, మనిషిని కుర్చీకి కట్టేస్తుంది. అవసరమైన మీటల పక్కన తెలుగు చీటీలు అంటించండి: ఇది చాయకు, ఇది ఆపడానికి, దీన్ని ముట్టొద్దు. అమ్మానాన్నలూ మొహమాట పడొద్దు. మోటారు మెకానిక్‌ను నాలుగు ప్రశ్నలు వేసే మనిషి సొంత కొడుకును అడగడానికి ఎందుకు జంకాలి? “ఇదెందుకు పెట్టిన్రు బిడ్డా?” అని అడగండి. జవాబు వాళ్లకూ తెలియకపోతే ఇద్దరూ కలిసి నేర్చుకుంటారు.

తిరిగి వచ్చేటప్పుడు ఒక జాగ్రత్త. అక్కడ చవకగా వచ్చిందని 120 వోల్టుల రైస్ కుక్కరో, ఇస్త్రీ పెట్టెనో తెచ్చి ఇక్కడి ప్లగ్గులో పెట్టొద్దు. వోల్టేజీ రెండింతలయితే వేడి తీగ మీద పడే శక్తి దాదాపు నాలుగింతలవుతుంది, నిమిషాల్లో కాలిపోతుంది. దాని కింది పట్టీలో 100 నుంచి 240 అని ఉంటేనే పెట్టెలో పెట్టుకోండి. లేకపోతే అది పుట్టిన దేశంలోనే దాన్ని ఉండనివ్వండి. ఆ డబ్బుతో మనవడికి అంగీ కొనుక్కురండి.

పోయే వాళ్లు క్షేమంగా పోయి, ఆ ఇళ్లలో తమ చాయ తామే పెట్టుకుని తాగాలని కోరుకుంటున్నాను.